రెక్క మీద ఇంజిన్లు మోసే ఏఎన్-32 అందమైన విమానమేనా? రూపమూ పనితనమూ కలిసిన విమానాలు, హెలికాప్టర్ల గురించి

ప్రశ్న: ఒంగోలు పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. 2024 మార్చి 18న మా ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, కొరిశపాడు, రేణింగవరం గ్రామాల నడుమ జాతీయ రహదారి మీద కట్టిన అత్యవసర రన్‌వేపై వాయుసేన వారు విమానాలను పరీక్షించిన రోజున, నేనూ మా బావగారూ పొద్దున్నే మోటారు సైకిల్ మీద వెళ్లి, పోలీసులు నిలబడనిచ్చినంత దూరంలో ఒక చేను గట్టు మీద నిలబడి చూశాము. సుఖోయ్-30, హాక్ విమానాలు రన్‌వే మీదికి దిగుతున్నట్టే వచ్చి, నేలను తాకకుండా మళ్లీ పైకి లేచిపోయాయి. ఏఎన్-32 రవాణా విమానమూ, చిన్న డోర్నియర్ విమానమూ మాత్రం ఆ 4.1 కిలోమీటర్ల కాంక్రీటు మీద నిజంగా దిగి, తిరిగి ఎగిరాయి.

ఇంటికి వచ్చే దారిలో మేదరమెట్ల దగ్గర టీ తాగుతూ మొదలైన వాదన మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తెగలేదు. సుఖోయ్ అందం ముందు మిగిలినవన్నీ దిగదుడుపేనని, ఏఎన్-32 అయితే రెండు భుజాల మీదా రెండు గంపలు పెట్టుకుని నడిచే మనిషిలా ఉందని బావగారు అంటారు. నాకు మాత్రం ఆ గంపలే నచ్చాయి కానీ, ఎందుకు నచ్చాయో చెప్పలేకపోయాను. మా తాతగారు ఒంగోలు గిత్తను బేరమాడేటప్పుడు మూపురం, గంగడోలు, గిట్టలు, నడక ఒక్కొక్కటిగా చూసి, చివరికి "అందగాడురా" అనేవారు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఆ గిత్త బరువు లాగగలదని మాకు అర్థమయ్యేది. విమానాలను, హెలికాప్టర్లను అలా చూడడం తెలిసినవారు ఇక్కడ ఉంటే రెండు విషయాలు చెప్పమని కోరుతున్నాను. ఏఎన్-32కు ఇంజిన్లు రెక్క మీదికి ఎందుకు ఎక్కాయి? మీ దృష్టిలో అందమూ ఉపయోగమూ కలిసిన యంత్రం ఏది? బాగుంటుంది అని మాత్రం చెప్పి ఊరుకోకుండా, దానిలోని ఏ వంపు ఏ పనికి వచ్చిందో కూడా రాయండి.

జవాబు: కావలి విశ్రాంత సాంకేతికుడు

మీ మొదటి ప్రశ్నకు జవాబు మన ఎండలోనే ఉంది. గాలి వేడెక్కినా, ఎత్తుకు పోయినా పలచబడుతుంది. పలచని గాలిలో ఇంజిన్ శక్తి తగ్గుతుంది, రెక్కకు ఆధారం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది. మండు వేసవిలో మైదానపు రన్‌వేల నుంచీ, ఆ మరునాడే హిమాలయాల్లోని ఎత్తైన రన్‌వేల నుంచీ బరువుతో ఎగరగల విమానం భారతదేశానికి కావలసి వచ్చినప్పుడు, సోవియట్ యూనియన్‌లోని ఆంటొనోవ్ సంస్థ తన ఏఎన్-26 విమానాన్ని తీసుకుని, దాదాపు రెట్టింపు శక్తి గల, ఒక్కొక్కటి 5,000 అశ్వశక్తికి పైబడిన ఇంజిన్లను దానికి అమర్చింది. అంత శక్తిని గాలిలోకి దింపాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి; పెద్ద ప్రొపెల్లర్ నేలకు తగలకుండా తిరగాలంటే ఇంజిన్ పైకి పోవాలి. దానివల్ల కచ్చా రన్‌వేల మీది రాళ్లూ దుమ్మూ ఇంజిన్‌లోకి ఎగిరిపడడం కూడా తగ్గింది. మీ బావగారు చూసిన గంపలు అవే. 1976లో మొదటిసారి ఎగిరిన ఆ విమానాన్ని ఈనాటికీ లేహ్ వంటి చోట్లకు మన వాళ్లు నడుపుతున్నారంటే, ఆ గంపల బరువు వృథా కాలేదన్నమాట.

ఇక నా అభిమాన యంత్రం సంగతి. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం చేతక్, చీతా హెలికాప్టర్ల నిర్వహణలో గడిపినవాణ్ని కాబట్టి నా తీర్పులో పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటాను. రెండూ ఫ్రాన్స్‌లో పుట్టిన అలుయెట్ కుటుంబానికి చెందినవి. బెంగళూరులో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అనే విమానాల కర్మాగారం) వారు లైసెన్సు తీసుకుని తయారు చేశారు. చీతాను దూరం నుంచి చూస్తే ముందు గాజు బుడగ, వెనుక ఇనుప గొట్టాలు అల్లిన జాలీ తోక కనిపిస్తాయి. మధ్యలో ఇంజిన్ ఏ మూతా లేకుండా ఆరుబయట కూర్చుని ఉంటుంది. కొత్తగా చూసినవారు దీనిని కట్టడం సగంలో ఆపేశారేమో అనుకుంటారు. నేను కూడా మొదటి రోజు అలాగే అనుకున్నాను.

పని మొదలుపెట్టాక ఒక్కొక్క భాగానికీ అర్థం తెలిసింది. గాజు బుడగ ఉన్నందువల్ల పైలట్‌కు తన పాదాల మధ్య నుంచి నేల కనిపిస్తుంది. కొండ అంచున రెండు బండల నడుమ దిగవలసినవాడికి అంతకంటే కావలసినది లేదు. జాలీ తోక తేలిక. పక్క గాలి దానిలోంచి దూరిపోతుంది. ఏ అతుకు దగ్గర చిన్న పగులు వచ్చినా ఏ తలుపూ విప్పకుండా కంటితోనే పట్టుకోవచ్చు. ఇంజిన్‌కు మూత లేనందువల్ల సముద్రానికి కొన్ని వేల మీటర్ల ఎత్తున, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, నలభై స్క్రూలు విప్పే పని తప్పుతుంది. అక్కడ పని చేసినవారికి ఆ ఒక్క సౌకర్యం విలువ తెలుస్తుంది. చేతక్‌లోని ఆర్టూస్ట్ ఇంజిన్ 870 అశ్వశక్తి ఇవ్వగలదు, కానీ వాడుకునేది 570 మాత్రమే. మిగిలినది గాదెలో దాచిన గింజల వంటిది; ఎండలోనో ఎత్తులోనో ఇంజిన్ శక్తి తరిగినప్పుడు కూడా ఆ 570కి లోటు రాదు.

చీతా మాతృక అయిన లామా హెలికాప్టర్‌తో 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. కిందికి దిగబోయే క్షణంలో ఇంజిన్ ఆరిపోయింది. మన పిల్లలు తాటాకు గిరకను తుమ్మముల్లుకు గుచ్చి గాలికి ఎదురు పరిగెత్తితే అది తనంతట తానే తిరిగినట్టు, కిందికి జారుతున్న వేగానికి ఎదురొచ్చే గాలే పై రెక్కలను తిప్పుతూ ఉంటే, ఆయన ఇంజిన్ లేకుండానే అంత ఎత్తు నుంచి నేల మీదికి క్షేమంగా దిగాడు. ఆ జాలీ తోకను చూసినప్పుడల్లా నాకు ఆ దిగడమే గుర్తుకు వస్తుంది.

జవాబు: నెల్లూరు ఆటోనగర్ మేస్త్రీ

కావలి అన్నగారు చెప్పినదానితో నాకు చాలావరకు ఏకీభావమే గాని, ఒక మాట తేడా ఉంది. లారీలకూ బస్సులకూ బాడీలు కట్టే షెడ్డులో ముప్పయ్యేళ్లుగా పని చేస్తున్నాను. విమానాల పుస్తకాలు చదవడం నాకు రాత్రిపూట వ్యసనం. చూపరికి కనిపించే అందం వేరు, రేకు కోసి వంచేవాడి చేతికి తెలిసే అందం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టివేస్తే లెక్క తప్పుతుంది.

లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ అనే విమానాన్ని తీసుకోండి. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా బొంబాయి నుంచి లండన్‌కు తొలి సర్వీసు నడిపినది ఆ రకం విమానంతోనే. నీటిలో ఒళ్లు విరుచుకునే చేపలాగా దాని శరీరం ముక్కు నుంచి తోక దాకా వంపు తిరిగి ఉంటుంది. విమానాలను నిలిపే ఆనాటి షెడ్ల (హ్యాంగర్ల) తలుపుల ఎత్తుకు సరిపోవాలని ఒక పొడుగు తోకకు బదులు మూడు పొట్టి తోకలు పెట్టారు. అది నాకు ఎంతో నచ్చిన ఉపాయం. కానీ శరీరం అంతటా వంపు ఉన్నందువల్ల లోపలి ఫ్రేము దేనికదే వేరు కొలత. ఒకదాని మూస ఇంకొకదానికి పనికిరాదు. పోటీగా వచ్చిన డగ్లస్ వారి విమానాలు తిన్నని గొట్టంలా ఉండేవి. సీట్లు పెంచాలంటే గొట్టం మధ్యలో అదే కొలత ముక్క ఒకటి చేర్చితే సరిపోయేది. మా షెడ్డులో ఏ కుర్రవాణ్ని అడిగినా ఈ రెండింటిలో ఏది కట్టాలో క్షణంలో చెబుతాడు.

1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన యుద్ధంలోనూ ఇదే కథ. స్పిట్‌ఫైర్, హరికేన్ అనేవి ఆనాటి బ్రిటిష్ యుద్ధ విమానాలు. స్పిట్‌ఫైర్ రెక్క కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఆ ఆకారం వల్ల గాలి నిరోధం తగ్గింది, పలుచని రెక్కలోనే తుపాకులకూ చక్రాలకూ చోటు దొరికింది. దానిని అందగత్తె అని ప్రపంచమంతా అంటుంది, నేనూ కాదనను. అయినా ఆ యుద్ధంలో ఎక్కువ శత్రు విమానాలను కూల్చినది హరికేన్. దాని వెనుక భాగం గొట్టాల చట్రం మీద బిగించిన గుడ్డ; గుండు దూసుకుపోతే గుడ్డ అతికించి సాయంత్రానికి మళ్లీ పంపేవారు. స్పిట్‌ఫైర్ రెక్కకు దెబ్బ తగిలితే, రెండు వైపులా వంగిన ఆ రేకును సరిచేయడానికి మేస్త్రీ కావలసి వచ్చేవాడు. ధ్వనికంటే వేగంగా ప్రయాణికులను మోసిన కాంకార్డ్ సంగతి నేను ఎత్తను. దాని రూపాన్ని ఎవరూ కాదనలేరు, దాని ఇంధనపు ఖర్చునూ ఎవరూ భరించలేకపోయారు, 2003లో ఆపేశారు.

మూపురం మాట వచ్చింది గనుక బోయింగ్ 747ను కూడా చెప్పాలి. కాంకార్డ్ వంటి సూపర్‌సోనిక్ విమానాలు వచ్చాక ప్రయాణికులు వాటికే పోతారనీ, తమ విమానం చివరికి సరుకులు మోయవలసి వస్తుందనీ ఆనాడు బోయింగ్ వారు అనుకున్నారు. ముక్కు మొత్తం తలుపులా పైకి లేచి సరుకు నేరుగా లోపలికి పోవాలంటే పైలట్ల గది దారికి అడ్డం ఉండకూడదు. అందుకని దాన్ని పై అంతస్తుకు ఎత్తారు. ఎత్తిన గది వెనుక గాలి సాఫీగా జారడానికి వాలు కట్టారు. ఆ వాలే మూపురమైంది. మన గిత్తల సంతతిని బ్రెజిల్ వారు మా ఊరి పేరుతోనే నెలోరె అని పిలుచుకుంటున్నారు కాబట్టి, మూపురం గురించి తీర్పు చెప్పే హక్కు నెల్లూరు వాళ్లకు కొంత ఉందని అనుకుంటున్నాను.

నా ఓటు మాత్రం ఆ రోజు మీరు అంతగా పట్టించుకోని డోర్నియర్-228కి. శరీరం అచ్చం బస్సు బాడీలా పలకలుగా ఉంటుంది. కట్టడం తేలిక, అతకడం తేలిక, లోపల సరుకు పేర్చడమూ తేలిక. తెలివి అంతా రెక్కలో పెట్టారు. ఆ రెక్క చివర కోసుగా వెనక్కి వాలి ఉంటుంది, చక్రాలు రెక్కలో కాకుండా శరీరం పక్కన ఉబ్బెత్తు అరల్లోకి ముడుచుకుంటాయి. ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో తెలిసినవాడు గీసిన బొమ్మ అది.

జవాబు: కందుకూరు విద్యార్థిని

పెద్దల మధ్య చిన్న మాట చేరుస్తున్నాను. కావలి బాబాయిగారు చెప్పిన చీతాకు ఒక అక్క ఉంది. ఆర్థర్ యంగ్ రూపకల్పన చేసిన బెల్-47 హెలికాప్టర్‌కు కూడా అదే గాజు బుడగ, అదే జాలీ తోక. 1946 మార్చి 8న పౌర వినియోగానికి ప్రపంచంలో మొదటి అనుమతి పొందిన హెలికాప్టర్ అదే. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం వారు 1984లో ఒకదానిని తమ సేకరణలో చేర్చుకుని పైకప్పుకు వేలాడదీశారు. చిత్రాలూ శిల్పాలూ ఉండే చోట పొలాలకు మందు చల్లిన యంత్రం చేరడం నాకు సంతోషంగా అనిపించింది.

నాకు నచ్చిన భాగం మాత్రం తోకలోని ఫెనెస్ట్రాన్. మామూలు హెలికాప్టర్ తోక చివర తిరిగే చిన్న రెక్కలు నేల మీద ఉన్నవారికి ప్రాణాంతకం. గజెల్ అనే హెలికాప్టర్‌తో మొదలుపెట్టి ఫ్రెంచివారు వాటిని తోకలోనే ఒక గుండ్రని కిటికీలో దాచారు. తరువాత వచ్చిన ఈసీ-135లో ఆ రెక్కలను సమాన దూరంలో కాకుండా కావాలనే ఎడం తప్పించి అమర్చారు. సమాన దూరంలో ఉంటే ధ్వని అంతా ఒకే శ్రుతిలో పోగై చెవిని కోస్తుంది. దూరాలు మార్చితే అది అనేక శ్రుతుల్లోకి చెదిరి మెత్తబడుతుంది. ఇక్కడ పొందిక తప్పించడమే పనికి వచ్చింది.

తిరిగి: ఒంగోలు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను బావగారికి చదివి వినిపించాను. ఏఎన్-32 గంపల సంగతి ఒప్పుకున్నారు. ఆటోనగర్ అన్నగారి డోర్నియర్ మాట విని మాత్రం "బస్సును చూడడానికి అంత దూరం పోవడం దేనికి, ఒంగోలు డిపోకు పోతే సరిపోయేది" అన్నారు. కావలి గారికి ఒక సందేహం: మూత లేని ఇంజిన్ మీద వాన పడితే ఇబ్బంది లేదా? అలాగే, సుఖోయ్ అందంలోనూ ఉపయోగపు వంపు ఏదైనా చూపించగలిగితే బావగారిని కూడా సంతోషపెట్టినవాణ్నవుతాను.

తిరిగి: కావలి విశ్రాంత సాంకేతికుడు

మూత లేకపోయినా ఇంజిన్ సొంత లోహపు గుల్ల వానను తట్టుకుంటుంది. హెలికాప్టర్ నిలిపి ఉన్నప్పుడు గాలి పీల్చే నోటికీ పొగ గొట్టానికీ గుడ్డ తొడుగులు వేసి కట్టేస్తాము. ఎగిరే ముందు వాటిని విప్పడం మరచిపోకూడదని ఎర్ర పట్టీలు వేలాడదీస్తాము. సముద్రపు ఉప్పుగాలి వానకంటే పెద్ద శత్రువు. తీరంలో పని చేసిన రోజుల్లో ఎగిరి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడిగేవాళ్లం.

సుఖోయ్ విషయంలో మీ బావగారిని దాని పొట్ట కింద ఉన్న రెండు గాలి నోళ్లను చూడమనండి. నేల మీద పరిగెత్తేటప్పుడు రాళ్లు లోపలికి పోకుండా వాటిలో ఒక లోహపు జల్లెడ పైకి లేచి అడ్డుకుంటుంది. విమానం గాలిలోకి లేచాక అది పడుకుంటుంది. ఏఎన్-32 ఇంజిన్‌ను పైకి ఎత్తి తప్పించుకున్న రాళ్లనే సుఖోయ్ జల్లెడతో ఆపుతోంది. ఈసారి ఆ రన్‌వే మీద విన్యాసాలు జరిగితే బైనాక్యులర్ తీసుకువెళ్లండి.