రైతు భరోసా పాస్‌బుక్ ఉన్నవాడికా, పంట వేసినవాడికా?

పాలేరు_వాగు:
ఈ గొడవ ప్రతిసారీ వేరే టాపిక్ కింద మొదలై, పార్టీల తిట్లతో ఆగిపోతోంది. అందుకే విడిగా పెడుతున్నా. పంట పెట్టుబడి కోసమని ప్రభుత్వం ఇచ్చే డబ్బు భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు పోవాలా, ఆ భూమిలో పంట ఎవరు వేస్తే వాళ్లకు పోవాలా?

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తా. 2018 మే 10న తెలంగాణలో, హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కు 4 వేలు, మరుసటి ఏడాది నుంచి 5 వేలు. భూమి పట్టాదారు పాస్‌బుక్ ఉంటే చాలు. ఐదెకరాలున్నా యాభై ఎకరాలున్నా పరిమితి లేదు, దున్నుతున్నావా అని అడిగినవాడూ లేడు. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ రైతులతో పాటు కౌలు రైతులకు కూడా ఏడాదికి ఎకరానికి 15 వేలు ఇస్తామంది. గెలిచాక 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో 12 వేలు మొదలుపెట్టింది. గుట్టలు, రోడ్లు, ప్లాట్లయిన భూములు లిస్టులోంచి తీసేశారు, మంచిదే. డబ్బు మాత్రం మళ్లీ పాస్‌బుక్ ఉన్నవాడి ఖాతాలోకే పోతోంది. భూమి లేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని వేరేగా పెట్టారు గానీ, అరెకరం సొంతంగా ఉండి నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు అందులోకి రాడు. వాడికి వచ్చేది ఆ అరెకరం డబ్బే.

నా మాట సూటిగా చెప్తా. విత్తనం, డీఏపీ, ట్రాక్టరు కిరాయి, కూలీ ఎవరి జేబులోంచి పోతే పెట్టుబడి సాయం వాళ్లకే రావాలి. మీరేమంటారు?

డాలస్_నల్గొండ:
మళ్లీ మొదలైంది. భూమి ఉన్న ప్రతివాడూ దొర అన్నట్టు రాస్తున్నారు. మాకున్నది నాలుగెకరాలు. నాన్న పోయాడు, అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది, దున్నలేదు. పక్కింటి ఆయనకు కౌలుకిచ్చాం. రైతు భరోసా డబ్బు అమ్మ మందులకు పోతుంది. అది తీసి కౌలుదారుకిస్తే ఏ న్యాయం జరిగినట్టు?

రెండో సంగతి, ఎవరూ బయటికి చెప్పనిది. మా తాత కాలంలో రక్షిత కౌలుదారు సర్టిఫికెట్లతో భూములు చేతులు మారాయి. ఇవాళ కౌలుదారు పేరు కంప్యూటర్‌లో ఎక్కితే, పదేళ్ల తర్వాత ఆ కాగితం పట్టుకుని కోర్టుకు పోడని ఎవరు గ్యారంటీ ఇస్తారు? ఆ భయం ఉన్నన్నాళ్లూ పేరు రాయమంటే భూమి బీడు పెడతారు తప్ప కౌలుకివ్వరు. అప్పుడు నష్టపోయేది కౌలు రైతే.

పెన్షన్_తహశీల్:
రెవెన్యూలో పని చేసి రిటైరైనవాణ్ణి. పై మిత్రుడి భయం నిజమే, కానీ దానికి ఆధారమైన చట్టం వేరు, ఇప్పుడు అడుగుతున్నది వేరు.

1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది ఎలాంటి రోజుల్లో? తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. ఏళ్ల తరబడి దున్నుకుంటున్నవాళ్లకు రక్షిత కౌలుదారు హక్కు ఇచ్చింది ఆ చట్టం. అందులోని 38-ఈ సెక్షన్ కింద యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. అది భూసంస్కరణ. అదే చట్టం కొద్దిమందికి తప్ప భూమిని కౌలుకివ్వడాన్నే దాదాపు నిషేధించింది. ఫలితం ఏమైంది? కౌలు ఆగలేదు, కాగితం మాత్రం ఆగిపోయింది. ఇవాళ్టికీ అంతా నోటి మాట.

ఇక 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం వచ్చింది. అంతకుముందు కోనేరు రంగారావు కమిటీ కౌలుదారుల గురించి గట్టిగానే రాసింది. ఈ చట్టం కింద రుణ అర్హత కార్డు ఇస్తారు. ఆ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే స్పష్టంగా రాసి ఉంది. కార్డుకు యజమాని సంతకం కూడా అక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో లక్షల మందికి కార్డులిచ్చారు. బ్యాంకులు అప్పులిచ్చింది కొద్దిమందికే, అది వేరే ఏడుపు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఆ చట్టాన్ని రద్దు చేయలేదు, సరిగ్గా అమలూ చేయలేదు. పుస్తకంలో అలా పడి ఉంది.

పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. ఎవరు కాస్తు చేస్తున్నారో వీఆర్వో అందులో రాసేవాడు. తప్పులు రాసేవాడు, డబ్బు తీసుకుని రాసేవాడు, ఒప్పుకుంటా. కానీ ఒక చోటు ఉండేది. 2020లో కొత్త పాస్‌బుక్ చట్టం, భూరికార్డుల ధరణి పోర్టల్ వచ్చాక ఆ కాలమే పోయింది. తర్వాత కౌలు రైతుల సంగతి ఎత్తితే, వాళ్లెవరో మా దగ్గర రికార్డు లేదనేవాళ్లు ఆఫీసుల్లో. రికార్డు తీసేసింది ఎవరని నేను అడగబోతే నా పెన్షన్ ఫైలు ఇంకా అక్కడే ఉండె.

సాగర్_ఎడమకాల్వ:
గుర్తించలేం అనేది పెద్ద అబద్ధం అన్నా. 2023 మార్చిలో వడగండ్ల వాన పడ్డది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం జిల్లాకొచ్చి ఎకరానికి 10 వేలు ప్రకటించిండు. కౌలు రైతుకూ అందాలె అని ఆయనే చెప్పిండు. పంట పోయిన పొలంల కౌలుదారు కనబడుతడు, పంట వేసేటప్పుడు కనబడడా?

కనబడకపోవడానికి కారణం రాజకీయమే. 2018లో చెక్కులు పంచి అదే ఏడాది డిసెంబర్‌ల 88 సీట్లు గెలిచిండ్రు. 2023 నవంబర్‌ల పోలింగ్‌కు ముందు రైతుబంధు వేస్తామంటే, ఒక మంత్రి సభల ఆ మాట చెప్పుకున్నడని ఎన్నికల సంఘం ఇచ్చిన పర్మిషన్ వాపస్ తీసుకుంది. ఎకరాల లెక్కన డబ్బు పోయే పథకంకు రెండు పార్టీలూ ఎందుకు అంత ప్రేమ చూపిస్తయో ఆలోచించుండ్రి. ఊళ్ల నలుగురిని కూడగట్టేటోడు పట్టాదారే. కౌలుదారు ఈ ఏడాది ఒకరి చేను, వచ్చే ఏడాది ఇంకొకరి చేను. వానికి సంఘం కట్టే తీరిక ఎక్కడిది?

ఎకనామిక్స్_ఎంఏ:
రాజకీయం సరే. డబ్బు ఎటు పారుతోందో చూద్దాం. రైతుబంధు కింద ఐదేళ్లలో 70 వేల కోట్లకు పైగా పంచారు. తెలంగాణలో దాదాపు 88 శాతం కమతాలు రెండు హెక్టార్లలోపే అని 2015-16 వ్యవసాయ గణన చెప్తుంది. కాబట్టి ఎక్కువ మంది లబ్ధిదారులు చిన్నవాళ్లే అన్న వాదన తప్పు కాదు. కానీ ఎకరాల లెక్కన ఇచ్చినప్పుడు తలలు లెక్కపెట్టి సరిపెట్టుకోలేం. రెండెకరాల వాడికి 24 వేలు, ఇరవై ఎకరాల వాడికి 2 లక్షల 40 వేలు.

కౌలు విషయానికొస్తే, రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో తెలంగాణ సాగుదారుల్లో సుమారు 36 శాతం కౌలుకు చేస్తున్నవాళ్లని తేలింది. అంటే మూడింట ఒక వంతుకు పైన సాగుదారులు కౌలు భూమి వరకు ఈ పథకానికి బయటే ఉన్నారు.

సూత్రం ప్రకారం మరో వాదన ఉంది. సాయం కౌలుదారుకిచ్చినా యజమాని కౌలు పెంచి లాగేసుకుంటాడు కదా, ఎవరికిస్తే ఏంటి అని. భూమికి పోటీ ఎక్కువున్న చోట అది కొంతవరకు జరుగుతుంది, కాదనను. కానీ అది ఒక్కరోజులో జరగదు, పూర్తిగానూ జరగదు. పైగా పేరు రికార్డులో ఉంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం, కొనుగోలు కేంద్రం అన్నీ దాని వెంటే వస్తాయి. వాటిని కౌలు పెంచి లాక్కోవడం అంత సులువు కాదు.

పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు అధికారులు ఆఫీసుల్లో కూర్చోలేదు. ఊళ్లలో క్యాంపులు పెట్టి అందరి ఎదుట ఎవరు దున్నుతున్నారో రాసుకున్నారు. అలా సుమారు 14 లక్షల మంది పాలుదారుల పేర్లు రికార్డుకెక్కాయి. అక్కడ వాళ్ల వెనక రైతు సంఘం, ప్రభుత్వంలో ఉన్న పార్టీ రెండూ నిలబడ్డాయి. మన దగ్గర ఆ రెండూ లేవు. అందుకే ఇక్కడ మంచి చట్టాలు కూడా అల్మారా దాటవు.

గోదారి_గట్టు:
మా పశ్చిమ గోదావరి సంగతి కూడా వినండి. అడంగల్లో, అంటే మీ పహాణీ లాంటి రికార్డులో, పేరు ఎక్కితే చాలు అనుకుంటున్నారు మీరు.

మా దగ్గర చేలు చాలావరకు కౌలు చేతుల్లోనే ఉన్నాయి. రెండు పంటలకీ కలిపి ఎకరానికి ముప్పై బస్తాల ధాన్యం దాకా మక్తా, అంటే కౌలు, కొలిచేవాళ్లున్నారు. తుపానొచ్చినా బస్తాలు తగ్గవండీ. 2019లో జగన్ ప్రభుత్వం 2011 చట్టం తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. కార్డు పదకొండు నెలలకే ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోయింది. భూమి మీద పంట రుణం ఆయన ముందే తీసేసుకుని ఉంటాడు, ఇక సంతకం ఎందుకు పెడతాడు? గట్టిగా అడిగితే వచ్చే ఏడాది చేను వేరేవాడికి పోద్ది. మా ఆంధ్రా రైతు భరోసా 13,500 భూమిలేని కౌలుదారులకూ ఇచ్చారు, కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వాళ్లకే. అదైనా ఇచ్చారు అనండి. కార్డు లేనివాడికి అదీ లేదు. ఇప్పుడు ప్రభుత్వం మారి అన్నదాత సుఖీభవ అని 20 వేలన్నారు, కౌలుదారుకి మళ్లీ ఆ కార్డే అడ్డం.

కాబట్టి పథకం ఎవరికి అనే ముందు, యజమాని దయ లేకుండా సాగుదారు పేరు ఎలా ఎక్కుతుందో తేల్చండి.

పత్తి_చేను:
మీరంతా చట్టాలు చెప్తున్రు, నేను లెక్క చెప్త. మేం నాలుగెకరాలు పత్తికి కౌలుకు పట్టినం. ఎకరానికి 15 వేలు. పంట రాకముందే, ఉగాదికే కట్టాలె. అంటే 60 వేలు మిత్తికి తెచ్చి ముందే పెట్టినం. ఆ నాలుగెకరాల మీద పట్టాదారుకు సర్కారు ఏడాదికి 48 వేలిస్తది. రెండూ కలిపితే ఆయనకు ఏడాదికి లక్షా ఎనిమిది వేలు, విత్తనం మీద రూపాయి పెట్టకుండనే.

పత్తి సీసీఐకి, అంటే కేంద్ర సర్కారు పత్తి సంస్థకు, అమ్మాలన్నా పాస్‌బుక్ కావాలె. మేం పట్టాదారు పేరు మీదనే అమ్మినం. పైసలు ఆయన ఖాతాల పడ్డయి. మంచాయన, ఇచ్చిండు. ఇంకొకాయన ఉంటే పాత బాకీ కింద పట్టుకుంటడు, అట్ల జరిగింది మా ఊళ్లె.

ఇంకో మాట. పాస్‌బుక్ ఉన్న రైతు 59 ఏళ్లలోపు చనిపోతే రైతుబీమా కింద 5 లక్షలొస్తయి. మంచి పథకం, ఎట్ల చనిపోయినా ఇస్తరు. గుంట భూమి లేని కౌలు రైతు మందు తాగి చనిపోతే భార్యకు అందులకెళ్లి రూపాయి రాదు. అప్పు మాత్రం ఆమె పేరు మీదికొస్తది. ముందు దాని గురించి మాట్లాడుండ్రి.

డాలస్_నల్గొండ:
చెల్లెమ్మా, మీ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. కానీ మా అమ్మ సంగతి కూడా అబద్ధం కాదు. ఊళ్లలో కౌలుకిచ్చేవాళ్లలో ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, పెట్టుబడి లేక ఇచ్చేసిన ఎస్సీ రైతులు ఉన్నారు. తీసుకునేవాళ్లలో సొంతంగా పదెకరాలు, రెండు ట్రాక్టర్లు ఉన్న ఆసాములూ ఉన్నారు. ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమి ఉన్న ఎస్సీ రైతు దగ్గర తీసి ట్రాక్టర్ల ఆసామికి ఇవ్వడాన్ని మీరు అభ్యుదయం అంటారా? అయితే ఇద్దరికీ ఇవ్వండి, గొడవే లేదు.

పాలేరు_వాగు:
ట్రాక్టర్ల ఆసామి ఉదాహరణ నాకూ ఇబ్బందే, దాటేయను. అందుకే సాగుదారుకైనా పరిమితి ఉండాలంటున్నా. సొంతం, కౌలు కలిపి పదెకరాల వరకే ఇవ్వాలి.

మీ అమ్మగారి విషయం మాత్రం వేరుగా చూస్తా. ఆమెకు కావాల్సింది పెన్షన్, వైద్యం. అవి సరిగ్గా ఇవ్వని ప్రభుత్వం ఆ లోటును పంట పెట్టుబడి పద్దులోంచి పూడ్చి, ఆమెనూ కౌలుదారునూ ఎదురెదురుగా నిలబెట్టింది. ఆమె లాంటి చిన్న పట్టాదారుకు పెన్షన్ పెంచమంటే నేను మీ వెంటే వస్తా. కానీ ఆమెను ముందు పెట్టి, హైదరాబాద్ చుట్టూ పెట్టుబడి కోసం భూములు కొని వ్యవసాయం పేరుతో డబ్బు తీసుకునేవాళ్లను దాచకండి. ఈ వాదనలో ఎప్పుడూ విధవరాలైన తల్లి ముందుకొస్తుంది, ఫాంహౌస్ ఓనర్ వెనక కూర్చుంటాడు.

ఇద్దరికీ ఇవ్వండి అనడం వినడానికి బాగుంది. ఒకే ఎకరానికి రెండుసార్లు ఇచ్చేంత బడ్జెట్ లేదని ప్రభుత్వాలు మొదటి రోజే చెప్తాయి, అప్పుడు కోసేది కౌలుదారు వాటానే. 15 వేలు 12 వేలు అయినప్పుడు చూశాం కదా, కౌలుదారు పేరే మాయమైంది.

కొత్త చట్టమూ అక్కర్లేదు. 2011 చట్టం తెలంగాణలో బతికే ఉంది. గ్రామసభలో దరఖాస్తులు తీసుకుని కార్డులివ్వాలి. సీజన్‌లో ఏఈవోలు, అంటే వ్యవసాయ విస్తరణ అధికారులు, ఎలాగూ సర్వే నంబర్ల వారీగా పంట నమోదు చేస్తారు. అక్కడే సాగుదారు పేరు కూడా రాయాలి. మొదట రైతుబీమాకు, నష్టపరిహారానికి ఆ లిస్టు వాడండి. అందులో యజమాని పోగొట్టుకునేది పైసా లేదు. అది కుదిరాక పెట్టుబడి సాయం.

గోదారి_గట్టు:
పంట నమోదులో పేరు రాస్తే సరిపోద్దంటున్నారు. మాకు ఈ-క్రాప్ అని కంప్యూటర్ పంట నమోదు ఉందండీ, రూల్ ప్రకారం సాగుదారు పేరే ఎక్కాలి. నమోదుకి వచ్చినప్పుడు యజమాని ఫోన్ చేసి నా పేరు రాయండి అంటాడు, సిబ్బంది రాసేస్తారు, కౌలుదారు పక్కనే నిలబడి ఊఁ అంటాడు. మీ గ్రామసభలో కూడా అదే జరగదని ఎలా అనుకుంటున్నారు?

పత్తి_చేను:
ఒక్కరం పోతే అదే జరుగుతది. మా ఊళ్లె కౌలుకు చేసేటోళ్లం అందరం ఒక్కనాడే పోయి దరఖాస్తు పెడదామనుకుంటున్నం. అందరి చేన్లు ఒక్కసారే గుంజుకుంటే వాళ్లకు దున్నేటోడు ఎక్కడ దొరుకుతడు? తహశీల్ సారూ, 2011 చట్టం కింద దరఖాస్తు ఏ కాగితాలతో పెట్టాల్నో జర రాయుండ్రి.