అన్ని కేస్ షీట్లలోనూ రెస్పిరేషన్ 20 యేనా? పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందే ఎలా పట్టుకోవాలి?

కొత్త స్టాఫ్ నర్స్:
అందరికీ నమస్తే. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పూర్తి చేసి ఈ మధ్యే ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులో చేరాను. నైట్ డ్యూటీలో వైటల్స్ (టెంపరేచర్, పల్స్, బీపీ, ఊపిరి లాంటివి) రాసేటప్పుడు ఒకటే టెన్షన్. ఏ షీట్ తిరగేసినా రెస్పిరేషన్ దగ్గర, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో అక్కడ, 20 అనే ఉంటుంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నవాళ్ళకీ 20, ఆయాసంతో పడుకోలేక దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దాయనకీ 20. నేను నిలబడి లెక్కపెడుతుంటే "ఒక్కో బెడ్ దగ్గర ఇంతసేపు ఉంటే మందులెప్పుడు ఇస్తావు" అంటున్నారు. పని ఎక్కువన్న మాట నిజమే, వాళ్ళని తప్పుపట్టడం లేదు.

పోయిన వారం 22 ఏళ్ళ అమ్మాయి, డెంగీ, ఐదో రోజు. జ్వరం తగ్గిపోయింది, టెంపరేచర్ 36.8. ఇంట్లోవాళ్ళు డిశ్చార్జ్ ఎప్పుడని అడుగుతున్నారు. బీపీ 100/80, పల్స్ 112, ఆక్సిజన్ పెట్టకుండానే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97, రెస్పిరేషన్ లెక్కపెడితే 24. మాట బాగానే మాట్లాడుతోంది కానీ చేతులు చల్లగా ఉన్నాయి, కడుపులో నొప్పి అంటోంది. మనసొప్పక డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని చూసి వెంటనే ఫ్లూయిడ్స్ మార్చారు, హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చూసే పరీక్ష) పంపారు, ఐసీయూకి చెప్పారు. ఇప్పుడా అమ్మాయి బాగుంది. 100 అంటే మంచి బీపీయే కదా, మరి ఆయన ఏం చూసి అంత కంగారుపడ్డారు? అలా చూడటం నేనెలా నేర్చుకోవాలి?

ఐసీయూ అక్క, హైదరాబాద్:
ఫోన్ చేసి చాలా మంచి పని చేశావు చెల్లీ. ఆయన చూసింది 100ని కాదు, 100కీ 80కీ మధ్య ఉన్న తేడాని. ఆ తేడా 20, అంతకన్నా తక్కువైతే డెంగీలో అది షాక్ కిందే లెక్క, పై బీపీ ఎంత ఉన్నా సరే. డెంగీలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతుంది, ఒంట్లో తిరిగే ద్రవం తగ్గేసరికి శరీరం నాళాలను బిగించి గుండెకీ మెదడుకీ సరఫరా కాపాడుకుంటుంది. అలా బిగించినందుకే కింది బీపీ పెరుగుతుంది, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, పల్స్ పరుగెడుతుంది. పై బీపీ పడిపోయేది చివర్లో, అప్పటికి బాగా ఆలస్యమైపోతుంది.

ఇంకోటి, డెంగీలో ప్రమాదమంతా జ్వరం తగ్గేటప్పుడే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో. ఇంట్లోవాళ్ళేమో జ్వరం పోయింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు, మనల్ని అడిగేది "ప్లేట్‌లెట్లు ఎన్ని సిస్టర్" అని ఒక్కటే. నేనైతే ప్లేట్‌లెట్ల కంటే ముందు యూరిన్ ఎంత వచ్చిందో అడుగుతాను. గంటకి కిలో బరువుకి అర ఎంఎల్ కూడా రాకపోతే ఆగకూడదు. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళ రక్తం, మగతగా ఉండటం, హెమటోక్రిట్ పెరుగుతూ ప్లేట్‌లెట్లు తగ్గడం, వీటిలో ఏది కనపడినా డాక్టర్‌కి చెప్పాల్సిందే. గోరు మీద ఐదు సెకన్లు నొక్కి వదులు, రెండు సెకన్లలోపు మళ్ళీ ఎర్రబడాలి, దానికి ఏ మిషనూ అక్కర్లేదు.

రెస్పిరేషన్ సంగతి. మానిటర్ చెప్పేవి అందరూ రాస్తారు, మనిషి నిలబడి లెక్కపెట్టాల్సింది ఇదొక్కటే కాబట్టి ముందు దీన్నే వదిలేస్తారు. నాకు నిజంగా బాధేసేది ఇక్కడే. సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతింటున్నప్పుడు), షుగర్ పెరిగి ఆసిడ్ పేరుకున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నప్పుడు ఎక్కువసార్లు మొదట మారేది ఊపిరే. పైగా ఆక్సిజన్ పెట్టి ఉన్నవాళ్ళకి సాచురేషన్ 98 చూపిస్తూనే ఉంటుంది, లోపల మనిషి 30 సార్లు ఊపిరి తీస్తూ అలసిపోతుంటాడు. నువ్వు "ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పావంటే వాళ్ళ ఊపిరి మారిపోతుంది, అందుకని పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి కళ్ళు ఛాతీ మీద పెట్టు. ఊపిరి ఒకే తీరుగా ఉంటే 30 సెకన్లు చూసి రెట్టింపు చెయ్యి, తీరు మారుతున్నా, మనిషి సీరియస్‌గా ఉన్నా నిమిషం మొత్తం చూడాలి.

లీడ్స్ నర్స్:
నాది గుంటూరు, ఇప్పుడు యూకేలో మెడికల్ వార్డులో చేస్తున్నాను. ఇక్కడ దాదాపు అన్ని చోట్లా న్యూస్2 అనే స్కోరు వాడతారు, ఒక్కో వైటల్‌కి మార్కులు వేసి కూడితే పేషెంట్ పరిస్థితి ఎంత దిగజారిందో తెలుస్తుంది. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో మార్చింది. మీ అమ్మాయికే వేసి చూడండి. రెస్పిరేషన్ 24కి 2, పై బీపీ 100కి 2, పల్స్ 112కి 2, మిగతావాటికి సున్నా. మొత్తం 6. స్కోరు 5 అయినా, దాటినా డాక్టర్ అర్జెంటుగా వచ్చి చూడాలి, కనీసం గంటకోసారి వైటల్స్ తియ్యాలి. అదే మీరు కూడా అందరిలాగే 20 అని రాసి ఉంటే దానికి సున్నా, మొత్తం 4. నాలుగుకి మళ్ళీ నాలుగు నుంచి ఆరు గంటల్లోపు చూస్తే చాలని వస్తుంది. ఒక్క తప్పుడు అంకె వల్ల డెంగీ షాక్ అమ్మాయి పొద్దున్న దాకా అలాగే ఉండిపోయేది.

ఇది 16 ఏళ్ళలోపు వాళ్ళకీ గర్భిణులకీ వాడకూడదు. పైగా ఇందులో బీపీల మధ్య తేడాకి చోటు లేదు, కాబట్టి అక్క చెప్పింది వేరుగా చూసుకోవాల్సిందే. కొత్తగా తికమకగా మాట్లాడటం మొదలుపెట్టిన పేషెంట్‌కి ఆ ఒక్కదానికే 3 పడుతుంది. ముసలివాళ్ళు రాత్రి పొంతన లేకుండా మాట్లాడితే "వయసు కదా" అని వదిలేస్తారు, అలా వదలొద్దు. ముందు షుగర్ చెక్ చెయ్యండి.

ఏజెన్సీ ఏఎన్ఎం:
మాది పాడేరు వైపు. మా దగ్గర మానిటర్లు ఎక్కడివి, పసిపిల్లల న్యుమోనియా అంతా ఊపిరి లెక్క మీదే పట్టుకుంటాం. రెండు నెలల్లోపు పాపకి నిమిషానికి 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40, ఈ లెక్కకి చేరినా దాటినా వేగంగా ఉన్నట్టే. పిల్లలకి మాత్రం నిమిషం మొత్తం లెక్కపెట్టాలి, అదీ ఏడవకుండా అమ్మ ఒళ్ళో ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి. తల్లి "డొక్కలెగరేస్తోందమ్మా" అంటే నేను ఇంకేం ఆలోచించను, బట్ట తీసి చూస్తాను. ఊపిరి లోపలికి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

అటెండర్‌గా వచ్చినవాణ్ణి:
నేను నర్స్‌ని కాదు, మా అమ్మని షుగర్‌తో అడ్మిట్ చేశాం. "అమ్మ ఎప్పుడూ ఇలా ఉండదు, ఏదో తేడాగా ఉంది" అని చెబితే వైటల్స్ నార్మల్ అన్నారు. మేము ఏం చెబితే మీకు ఉపయోగం?

ఐసీయూ అక్క, హైదరాబాద్:
మీరన్న ఆ మాటే మాకు కావాలండి. ఆవిడ మామూలుగా ఎలా ఉంటారో మీకు తెలిసినట్టు మాకు తెలియదు. "నిన్న సాయంత్రం దాకా తనే లేచి బాత్రూమ్‌కి వెళ్ళింది, ఈ రోజు లేవలేకపోతోంది" అని పోల్చి చెప్పండి, "నీరసంగా ఉంది" అంటే మేం వదిలేసే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు కూడా ఛాతీనొప్పి లేకుండా రావచ్చు. ఉత్త చెమటలు, ఆయాసం, కడుపులో వికారంతోనే. అలాంటివి ఉంటే ఈసీజీ తీస్తారా అని నిస్సంకోచంగా అడగండి.

లీడ్స్ నర్స్:
ఇంగ్లాండ్‌లో 2024 నుంచి మార్తాస్ రూల్ అని మొదలైంది. ఇంట్లోవాళ్ళకి పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని అనిపిస్తే నేరుగా వేరే టీమ్‌ని పిలిపించుకోవచ్చు. మన దగ్గర కూడా ఇలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

కొత్త స్టాఫ్ నర్స్:
అందరికీ చాలా చాలా థాంక్స్. 100, 80 మధ్య తేడా చూడాలని నాకెవరూ చెప్పలేదు. ఇంకో రెండు డౌట్లు. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న వేళ్ళకి సాచురేషన్ సరిగా రాకపోతే ఏం చెయ్యాలి? రాత్రి రెండింటికి డాక్టర్‌కి ఫోన్ చేస్తే "బీపీ ఎంత" అని అడిగి పెట్టేస్తున్నారు, ఎలా చెప్పాలి?

ఐసీయూ అక్క, హైదరాబాద్:
పాలిష్ తుడిచెయ్యి, గోరింటాకైతే రంగు లేని వేలుకో చెవి తమ్మెకో పెట్టు. చెయ్యి చల్లగా ఉన్నా అంకె తప్పుగా వస్తుంది, ముందు వేడి చెయ్యి. తెరమీద వేవ్ బాగా రాకపోతే ఆ అంకె రాయొద్దు.

ఫోన్‌లో మొదటి వాక్యంలోనే ఎందుకు చేశావో చెప్పెయ్. "సార్, ఫలానా బెడ్, డెంగీ ఐదో రోజు, షాక్‌లోకి వెళ్తోందని నా భయం. జ్వరం తగ్గింది, చేతులు చల్లగా ఉన్నాయి, బీపీ 100/80, పల్స్ 112, రెస్పిరేషన్ నేనే లెక్కపెట్టాను, 24. యూరిన్ సాయంత్రం నుంచి తక్కువ. మీరు వచ్చి చూడాలి, ఈలోపు హెమటోక్రిట్ పంపమంటారా?" ఇంతే. ఆ తర్వాత ఫోన్ చేసిన టైమూ ఆయన చెప్పిన మాటా నోట్స్‌లో రాసెయ్. రాకపోతే ఇంకోసారి చెయ్యి, అప్పటికీ రాకపోతే నైట్ సూపర్‌వైజర్‌ని లేపు.