చిన్న సీఎన్‌సీకి ట్రిమ్మర్ చాలా, వీఎఫ్‌డీ స్పిండిల్ కావాలా?

కూకట్‌పల్లి సభ్యుడు:

అందరికీ నమస్కారం. అపార్ట్‌మెంటులోని చిన్న గదిలో 600 × 600 మి.మీ. సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే యంత్రం) కట్టుకుంటున్నాను. అల్యూమినియం ప్రొఫైళ్ల ఫ్రేము, బాల్‌స్క్రూలు, నెమా 23 స్టెప్పర్ మోటార్లు బిగించడం పూర్తయింది. చేయదలచినవి టేకు నేమ్‌ప్లేట్లు, అక్రిలిక్ అక్షరాలు, అప్పుడప్పుడు పలుచని అల్యూమినియం ప్లేట్లు. వడ్రంగులు అంచులు చెక్కడానికి చేత్తో వాడే ట్రిమ్మర్ బిగిస్తే చాలని ఒకరు, 2.2 కిలోవాట్లకు తగ్గిన స్పిండిల్ (బిట్టును తిప్పే ప్రత్యేక మోటారు, దాని వేగాన్ని మార్చే విద్యుత్ పరికరమే వీఎఫ్‌డీ) కొనవద్దని ఇంకొకరు చెబుతున్నారు. మీ అనుభవం చెప్పగలరు.

సికింద్రాబాద్ సభ్యుడు:

నేను ట్రిమ్మర్ వైపే ఉంటాను. రాణిగంజ్‌లో పవర్ టూల్స్ అమ్మే దుకాణాల్లో సులభంగా దొరుకుతుంది, కార్బన్ బ్రష్‌లు అరిగితే ఆ పూటే మార్చుకోవచ్చు, స్పిండిల్‌కు కావలసిన వీఎఫ్‌డీ, చల్లబరిచే నీటి పంపు, గొట్టాలు అనే బెడద ఉండదు. రెండేళ్లుగా నా యంత్రం మీద ఎం.డి.ఎఫ్., టేకు పనులన్నీ దానితోనే నడుస్తున్నాయి. మొదటి యంత్రానికి అంతకంటే ఖర్చు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం.

బాలానగర్ సభ్యుడు:

సికింద్రాబాద్ మిత్రులు చెప్పింది చెక్క వరకు నిజం. అయితే ప్రశ్నలో అక్రిలిక్, అల్యూమినియం కూడా ఉన్నాయి కనుక, వాట్ల గురించి మాట్లాడే ముందు వేగం లెక్క చూడాలని మనవి.

రెండు పళ్ల 6 మి.మీ. ఎండ్ మిల్లు అనే కోత బిట్టుతో ఒక్కొక్క పన్ను 0.05 మి.మీ. మందాన చెక్కాలనుకుందాం. నిమిషానికి 30,000 చుట్లు తిరిగే ట్రిమ్మర్‌కు అది కావాలంటే యంత్రం నిమిషానికి 3,000 మి.మీ. ముందుకు సాగాలి. ఇలాంటి ఫ్రేము అల్యూమినియంలో ఆ వేగాన్ని తట్టుకోలేదు, 1,000 దగ్గర నడిపితేనే నిలకడగా ఉంటుంది. అప్పుడు ఒక్కొక్క పన్నుకు అందేది 0.017 మి.మీ. కూడా ఉండదు. పన్ను కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, ఆ వేడికి అక్రిలిక్ కరిగి బిట్టుకే అతుక్కుంటుంది, అల్యూమినియం పళ్ల మధ్య పేరుకుపోతుంది. అదే 10,000 చుట్ల దగ్గర 1,000 మి.మీ. ఫీడు (నిమిషానికి ముందుకు సాగే వేగం) సరిగ్గా సరిపోతుంది. ట్రిమ్మరే కొనాలనుకుంటే కనీసం వేగం తగ్గించుకునే డయల్ ఉన్నది కొనండి. మకీటా ఆర్‌టీ0700 వంటివి 10,000 దాకా దిగుతాయి.

ఇక శక్తి సంగతి. అదే బిట్టుతో 3 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. లోతు, 1,000 ఫీడుతో అల్యూమినియం కోస్తే సెకనుకు 50 ఘన మి.మీ. లోహం తొలగుతుంది. ఘన మి.మీ.కు ఒక జౌలు చొప్పున ఉదారంగా లెక్క కట్టినా ఖర్చయ్యేది 50 వాట్లే. ఈ పరిమాణపు యంత్రాల్లో ముందుగా చేతులెత్తేసేది ఫ్రేము, మోటారు కాదు.

ఉప్పల్ సభ్యుడు:

ఆ 2.2 కిలోవాట్ల సలహా ఇచ్చింది నేనే. 24,000 చుట్ల దగ్గర 800 వాట్లు ఇచ్చే స్పిండిల్ 10,000కు దిగితే సుమారు 333 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వీఎఫ్‌డీ తగ్గించేది వేగాన్నే, టార్క్ అలాగే ఉంటుంది. అదే 2.2 కిలోవాట్లదైతే 917 దాకా ఇస్తుంది. పైగా బిట్టును పట్టుకునే దాని ఈఆర్20 కోలెట్‌లో 12 మి.మీ. బిట్టు కూడా పడుతుంది, 800 వాట్లదాని ఈఆర్11లో 7 మి.మీ. దాటితే పట్టదు.

బాలానగర్ సభ్యుడు:

మీ లెక్క సరైనదే, కోలెట్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయినా ఆ 333 వాట్లు పైన చెప్పిన 50కి ఆరు రెట్లకు పైనే. 2.2 కిలోవాట్లదైతే సుమారు 5 కిలోల బరువును జెడ్ అక్షం (పైకీ కిందికీ కదిలే భాగం) మోయాలి, దిశ మారిన ప్రతిసారీ గ్యాంట్రీ (దాన్ని మోస్తూ కదిలే అడ్డ దూలం) దాన్ని ఆపాలి. ఆ బరువు వల్ల వచ్చే వంకర గీతలను ఎంత శక్తీ సరిచేయలేదు. అందుకే వీరికి 65 మి.మీ. వ్యాసం, 800 వాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ తగినదంటున్నాను. ఎయిర్ కూల్డ్‌లో ఫ్యాను స్పిండిల్ షాఫ్టు మీదే తిరుగుతుంది కనుక మనకు కావలసిన తక్కువ వేగంలోనే గాలి తగ్గిపోతుంది. అపార్ట్‌మెంటులో ట్రిమ్మర్ కీచు శబ్దాన్ని గంటల తరబడి పక్కింటివారు భరించడమూ కష్టమే. నీటికి పది లీటర్ల బకెట్టు చాలు. 60 వాట్ల వేడి అందులోకి చేరితే, బయటికి పోయేది లెక్కించకపోయినా, గంటకు 5 డిగ్రీలే పెరుగుతుంది. మన మే నెల ఎండల్లో మాత్రం మధ్యాహ్నం నీళ్లు మార్చుకోవాలి.

ఒక అనుభవం చెబుతాను. నా యంత్రంలో ఒకసారి వీఎఫ్‌డీ ట్రిప్పయి స్పిండిల్ ఆగిపోయింది, ఆ సంగతి తెలియని కంట్రోలర్ ఆగిపోయిన బిట్టును ప్లేటులోకి నెడుతూనే పోయి దాన్ని విరిచేసింది. ఆ తర్వాత వీఎఫ్‌డీ ట్రిప్పయితే యంత్రం కదలిక కూడా ఆగేలా దాని ఫాల్ట్ రిలేను కంట్రోలర్ ఫీడ్ హోల్డ్‌కు కలిపాను. విద్యుత్ అలజడి సోకకుండా స్పిండిల్‌కు షీల్డ్ కేబులు వేసి, లిమిట్ స్విచ్ (అక్షం చివరికి చేరిందని తెలిపేది) తీగలను దానికి దూరంగా నడపడం కూడా తప్పనిసరి.

కూకట్‌పల్లి సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. 800 వాట్ల వాటర్ కూల్డ్ తీసుకుంటాను. వీఎఫ్‌డీ వచ్చాక నేరుగా కలిపి నడపవచ్చా?

బాలానగర్ సభ్యుడు:

దయచేసి నడపవద్దండీ. చాలా వీఎఫ్‌డీలు 50 హెర్ట్జ్ బేస్ ఫ్రీక్వెన్సీతో (పూర్తి వోల్టేజి అందే ఫ్రీక్వెన్సీ) వస్తాయి. మీ స్పిండిల్ 400 హెర్ట్జ్ దగ్గర 220 వోల్టుల కోసం చుట్టినది, 50 హెర్ట్జ్ దగ్గర దానికి సుమారు 27 వోల్టులే కావాలి. ఆ సెట్టింగు మార్చకుండా స్టార్ట్ చేస్తే 50 హెర్ట్జ్‌కే పూర్తి 220 అందుతుంది, వైండింగ్ నిమిషాల్లో కాలిపోతుంది. ముందు బేస్ ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ రెండూ 400కు మార్చి, స్పిండిల్ ప్లేటు మీద ఉన్న ఆంపియర్లను నమోదు చేసి, ఎర్తింగ్ సరిచూసి, పంపులో నీరు తిరుగుతోందని కళ్లతో చూశాకే స్టార్ట్ నొక్కండి.