గాలం వేసేవారికి నమ్మకం నిజంగా అక్కరకు వస్తుందా?

ప్రశ్న

రెండేళ్లుగా సెలవు రోజుల్లో సరదాకు గాలం వేస్తున్నాను. నేనూ నా మిత్రుడూ ఒకే గట్టున కూర్చుంటాము, ఇద్దరమూ వానపాములనే ఎరగా గుచ్చుతాము, మా దారాలలోనూ కొక్కేలలోనూ తేడా ఏమీ లేదు. అయినా సాయంత్రానికి అతనికి నాలుగైదు చేపలు పడితే నాకు ఒక్కటి పడడమే గగనమవుతోంది. "పడుతుందన్న నమ్మకం నీకే లేదు" అని అతను అంటాడు. నా మనసులో ఏముందో నీటిలోని చేపకు తెలిసే వీలు లేదు కదా, మరి ఈ నమ్మకం చేప దాకా ఏ దారిన వెళ్తుందో అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరా?

మొదటి సమాధానం

మీ చేతుల ద్వారానే వెళ్తుంది. ఈసారి ఒక గంటలో మీ ఎర నిజంగా ఎన్ని నిమిషాలు నీటిలో ఉంటోందో గడియారం చూసి లెక్క పెట్టండి. నమ్మకం సడలినవారు ఎర ఉందో లేదోనని మాటిమాటికీ పైకి లాగి చూస్తారు, ఎర మారుస్తారు, చోటు మారుస్తారు, విసిరిన ప్రతిసారీ సీసపు గుండు నీటిని కొట్టి దగ్గరికి వస్తున్న చేపను బెదరగొడుతుంది. చేప ఒంటికి రెండు పక్కలా ఉండే పార్శ్వరేఖ నీటిలోని చిన్న కదలికను కూడా పసిగడుతుందని గుర్తుంచుకుంటే, గట్టు మీద అటూ ఇటూ తిరగడం కూడా మీకు నష్టమేనని అర్థమవుతుంది.

రెండవ సమాధానం

పై మాటతో ఏకీభవిస్తూనే, అంతకన్నా ముఖ్యమని నేను భావించేది ఒకటి చెబుతాను. ఇప్పుడో ఇంకాసేపట్లోనో చేప వస్తుందని నమ్మినవాడి కన్ను దారానికి కట్టి నీటిపై తేలే బెండును వదలదు. బెండు మునిగితేనే చేప అందుకున్నట్టని కొత్తవారు అనుకుంటారు, కానీ అడుగున మేసే చేప ఎరను నోట పట్టి తల ఎత్తినప్పుడు దానితో పాటు గుండు బరువు కూడా లేచిపోవడం వల్ల బెండు మునగకపోగా ఒక అంగుళం పైకి తేలి, పక్కకు ఒరిగి, అలాగే ఉండిపోతుంది. ఆ క్షణంలో కర్ర ఎత్తాలి. అప్పటికే ఆశ వదిలి దిక్కులు చూస్తున్నవారు తిరిగి చూసేసరికి కొక్కెం బోడిగా ఉంటుంది, ఇక్కడ చేపలే లేవని వారు నిజాయితీగానే అనుకుంటారు. మీ విషయంలోనూ ఇదే జరుగుతోందని నా అనుమానం.

మూడవ సమాధానం

నమ్మకానికి ఆధారం ఉండాలని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. చేప శీతల రక్త జీవి కాబట్టి నీరు బాగా చల్లబడితే దాని జీవక్రియ మందగించి మేత తగ్గుతుంది, నీరు మరీ వేడెక్కితే అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గి, చేప నీడకో లోతుకో నీరు పారే చోటుకో తరలిపోతుంది. అలాంటి మధ్యాహ్నం ఎండ పడే నిలవ నీటిలో ఎర వేసి సాయంత్రం దాకా కూర్చోవడాన్ని నేను మొండితనమనే అంటాను. నీటిపై బుడగలు లేస్తున్నాయా, చిన్న చేపలు చెదిరి పరుగెత్తుతున్నాయా అని ముందు పావుగంట చూసి చోటు ఎంచుకున్నవారికి, అక్కడే ఓపికగా కూర్చోవడానికి కారణం ఉంటుంది. కొక్కెం మొనను బొటనవేలి గోటిపై ఆనించి మెల్లగా జరపండి, జారితే మొద్దుబారినట్టు, గోటిలో దిగబడి ఆగితే పదునుగా ఉన్నట్టు. నేను ఈ పరీక్ష చేయకుండా గాలం వేయను, ఎందుకంటే సరంజామాపై అనుమానం ఉన్నంతసేపూ ధ్యాస నీటి మీద నిలవదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బెండు పైకి తేలడం నేను చాలాసార్లు చూశాను, అల తాకిడి అనుకుని వదిలేశాను. ఈ ఆదివారం తెల్లవారకముందే వెళ్లి, మొదటి పావుగంట కర్ర ముట్టకుండా నీటినే చూసి, ఆ తరువాత ఎంచుకున్న ఒక్క చోటనే రెండు గంటలు కూర్చుంటాను. ఎర ఎన్నిసార్లు పైకి తీశానో కూడా రాసిపెట్టుకుని వచ్చి ఇక్కడే తెలియజేస్తాను.