తర్కం వాళ్లది, భక్తి మనది అంటారు, ఒప్పుకుంటారా?

డల్లాస్ తెలుగోడు:
వీకెండ్‌లో ఫ్రెండ్స్ కలిసినప్పుడు పెద్ద వాదనే నడిచింది, ఇక్కడ కూడా అడుగుదామని. నా పాయింట్ సింపుల్. ప్రశ్నించడం, రుజువు అడగడం గ్రీకుల దగ్గర మొదలైంది, సోక్రటీస్ ఏథెన్స్ వీధుల్లో కనపడ్డవాణ్ణల్లా పట్టుకుని అడిగేవాడు, దానికే ప్రాణం పోగొట్టుకున్నాడు. మన దగ్గర గురువు చెప్పాడు, వేదం చెప్పింది, అంతే. ధ్యానం, భక్తి, మనశ్శాంతి మన బలం, అది తక్కువేం కాదు, కానీ దాన్ని ఫిలాసఫీ అనడం కరెక్ట్ కాదేమో. మనోళ్లు ఏమన్నా అంటే "అన్నీ మా వేదాల్లోనే ఉన్నాయి" అంటారు, ఆ మాట వింటేనే నాకు చిరాకు.

వాదప్రియ:
అన్నా, ఆ "వేదాల్లోనే ఉన్నాయి" బ్యాచ్ అంటే నాకూ పడదు, కానీ మీరు ఇంకో చివరకి పోయారు. ఎంఏలో న్యాయదర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం, చదివినదాన్ని కాబట్టి ఒక్క ఉదాహరణ చెప్తా, ఓపిగ్గా చదవండి.

అన్నంభట్టు 17వ శతాబ్దం మనిషి, మన తెలుగాయనే. ఆయన రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ సంస్కృతం కాలేజీల్లో తర్కం మొదలుపెట్టేవాళ్లకి మొదటి పుస్తకం. కాశీకి పోయినంత మాత్రాన ప్రతి బ్రాహ్మడూ అన్నంభట్టు అయిపోడు అని సంస్కృతంలో సామెతే ఉంది. అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనపడుతోంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా. ఇంతవరకూ అరిస్టాటిల్ కూడా ఇలాంటి పనే చేశాడు, తేడా ఏంటంటే ఇక్కడ ఉదాహరణ చూపించకపోతే వాదన పూర్తయినట్టు కాదు. అసలు మజా తర్వాత ఉంది. దీన్నే తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది అంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనప గుండు చూపిస్తారు, నిప్పుంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎందుకొచ్చింది? కట్టెలు పచ్చివి కాబట్టి. ఆ మధ్యలో దాక్కున్న పచ్చి కట్టెకి "ఉపాధి" అని పేరు పెట్టి, ప్రతి వాదనలో ఇలాంటిది ఏమన్నా దాగుందా అని వెతకమన్నారు.

ఇందులో గురువు చెప్పాడు అనే మాట ఎక్కడుందో మీరే చూపించండి.

మానుకోట:
మేడమ్ గారూ, నేను డేటా అనలిస్ట్‌ని. ఆ పచ్చి కట్టె మేం రోజూ తలపట్టుకునే కన్‌ఫౌండర్‌కి చాలా దగ్గర. రెండిటికీ సంబంధం ఉన్నట్టు కనపడుద్ది, తీరా చూస్తే నడిపించేది మూడోది. మా టీంలో కొత్తగా చేరినోళ్లకి ఇంగ్లిష్ పుస్తకం కన్నా ఈ ఇనప గుండు ఉదాహరణ చెప్తేనే తొందరగా ఎక్కేలా ఉంది.

డల్లాస్ తెలుగోడు:
ఉదాహరణ బాగుంది, కాదనను. మరి ఇంత తర్కం ఉంటే గెలీలియో ఇక్కడ ఎందుకు పుట్టలేదు? వాళ్లు మతాన్నీ ఫిలాసఫీనీ విడదీశారు, మనం విడదీయలేదు. నాకు తేడా అక్కడే కనపడుతోంది.

వాదప్రియ:
ఎప్పుడు విడదీశారన్నా? 1277లో పారిస్ బిషప్ 219 సిద్ధాంతాల్ని నిషేధించాడు, యూనివర్సిటీలో అరిస్టాటిల్ని చదువుకుని వచ్చిన ఆలోచనలే అందులో చాలా ఉన్నాయి. అసలు ఆ అరిస్టాటిల్ వాళ్లకి ఎలా దొరికాడు? లాటిన్ యూరప్ దగ్గర ఆయన తర్కం పుస్తకాలు కొన్ని తప్ప పెద్దగా ఏం లేవు. బాగ్దాద్‌లో 9వ శతాబ్దంలో అరబ్బీలోకి తెచ్చుకున్నారు, 12వ శతాబ్దంలో కొంత స్పెయిన్‌లోని టొలెడోలో అరబ్బీ నుంచి, కొంత నేరుగా గ్రీకు నుంచి లాటిన్‌లోకి వెళ్లింది. అదే స్పెయిన్‌లోని కార్డొబాలో పుట్టిన ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాలు లేకుండా క్రైస్తవ పండితుడు అక్వినాస్ తరం అరిస్టాటిల్ని చదవలేదు, ఇబ్న్ రుష్ద్‌ని పేరుతో కూడా పిలవకుండా "వ్యాఖ్యాత" అంటే చాలు అర్థమైపోయేది. మరి అరబ్బీలో రాసిన ఆ ముస్లింని తూర్పులో వేస్తారా పడమరలో వేస్తారా? తూర్పు, పడమర అని గీత గీసినోళ్లు ఈ దారి మొత్తం చెరిపేశారు, నాకు బాధ అక్కడే.

ప్రయోగాల సైన్సు యూరప్‌లోనే ఎందుకు ఊపందుకుంది అన్నది వేరే ప్రశ్న. ప్రింటింగు, ఓడ వ్యాపారం, పరికరాలు చేసే పనివాళ్లు, అవన్నీ అందులో ఉన్నాయి. తర్కం ఉందా లేదా అన్నదానికి అది జవాబు కాదు.

ఇంకోటి. ఇక్కడి సందేహవాదులు ఎందుకు కనపడరంటే వాళ్ల పుస్తకాల్ని కాపీ చేసేవాళ్లు లేరు. జయరాశి భట్టు అన్నాయన వెయ్యేళ్ల పైబడి క్రితమే ప్రత్యక్షం (కళ్లారా చూసింది), అనుమానం (పొగని చూసి నిప్పుందనుకోవడం లాంటిది) ఏదీ నమ్మదగ్గది కాదని ఒక్కో వాదాన్నీ పీకి పందిరేశాడు. ఆ పుస్తకం ప్రింటయ్యింది 1940లో!

నల్లరేగడి:
మేడమ్, మీరు చెప్పింది మొత్తం చదివిన. మంచిగుంది. కానీ ఒక్క మాట అడుగుత, ఆ వాదసభల కూర్చోనికి ఎవ్వరికి హక్కుండె? వేదాంతానికి మూలమైన బ్రహ్మసూత్రాల్ల శూద్రునికి వేదవిద్య అధికారం లేదని ఒక అధికరణమే ఉన్నది, దాని మీద శంకరుడు భాష్యం రాస్తా, వేదం విన్న శూద్రుని చెవులల్ల సీసం పొయ్యాలన్న ధర్మశాస్త్రం మాట తెచ్చి చూపిస్తడు. పచ్చి కట్టె దాకా వెతికిన మేధావులు ఈ మాటకు ఉదాహరణ ఏది, హేతువేది అని ఎందుకు అడగలె? మా తాతలు బడి గడప తొక్కలె, నాకు ఈ తర్కం గొప్పదని చెప్తే సంతోషమే, కానీ అది మా దాకా రాకుండ ఆపినోళ్లు కూడ తర్కం చదివినోళ్లే.

వాదప్రియ:
దీనికి నా దగ్గర సమర్థన లేదు, చెయ్యను కూడా. అరిస్టాటిల్ కూడా కొందరు పుట్టుకతోనే బానిసలని రాశాడు, కేంబ్రిడ్జి ఆడవాళ్లకి పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. వాళ్లూ అంతే కాబట్టి మనది చెల్లుతుందని నా ఉద్దేశం కాదు. తర్కం పదునుగా ఉన్నా, ఎవరి మీద ఎక్కుపెట్టాలో సంఘం ముందే నిర్ణయించేసింది, రెండు చోట్లా.

నల్లరేగడి:
సరే, మరి అంబేద్కర్‌ని ఏ లెక్కల వేస్తరు? న్యూయార్క్‌ల కొలంబియా యూనివర్సిటీల అమెరికా ఫిలాసఫర్ జాన్ డ్యూయీ దగ్గర చదివిండు. 1954 అక్టోబర్ 3న రేడియోల మాట్లాడుతా, స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకోలేదు, నా గురువు బుద్ధుని బోధల నుంచి తీసుకున్న అని చెప్పిండు. రాజ్యాంగ పీఠికల ఉన్న మాటలు అవి. పడమటి సరుకు అని కొట్టిపారేసేటోళ్లూ, తూర్పుల ఏం లేదనేటోళ్లూ ఇద్దరూ దీనికి జవాబు చెప్పాలె.

డల్లాస్ తెలుగోడు:
మంచి పాయింటే కానీ, డ్యూయీ దగ్గర చదవకపోయుంటే బుద్ధుణ్ణి అలా చదివేవాడా? పడమటి కళ్లద్దాల్లోంచి చూశాడు కాబట్టే బుద్ధుడిలో సమానత్వం కనపడిందని నా అనుమానం.

నల్లరేగడి:
అన్నా, 1907ల మెట్రిక్ పాసైనప్పుడే కేలూస్కర్ అన్న పెద్దమనిషి తను మరాఠీల రాసిన బుద్ధుని చరిత్ర ఆయన చేతుల పెట్టిండు. న్యూయార్క్ ఓడ ఎక్కింది 1913ల.