బుల్లెట్ బండి పెట్రోలు ట్యాంకు మీద ఎయిర్‌బ్రష్: షీటు మీద వస్తోంది, రేకు మీద రావట్లేదు

కాకినాడ రైడర్:
అన్నలూ, నా బుల్లెట్ ట్యాంకు మీద నెమలి ఈక వెయ్యాలని ఉంది. నా దగ్గర 0.3 ఎంఎం నాజిల్ డ్యూయల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది, గాలి, రంగు రెండూ ఒకే ట్రిగ్గర్‌తో వేర్వేరుగా అదుపు చేయొచ్చు), దానికి గాలిచ్చే చిన్న కంప్రెసర్ ఉన్నాయి. డ్రాయింగ్ షీటు మీద నెమలి ఈక శుభ్రంగా వస్తోంది. అదే రేకు ముక్క మీద వేస్తే గీత పక్కలకి సాలెపురుగు కాళ్లలా చీలిపోతోంది. పైగా ట్యాంకు మీద కంపెనీ పెయింట్ ఉంది కదా, దాని మీదే వేసేయొచ్చా? చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ పెయింటర్:
తమ్ముడూ, కాగితం తడి పీల్చుకుంటుంది, రేకు పీల్చదు. వదిలిన రంగంతా పైనే నిలబడితే వెనక వచ్చే గాలి దాన్ని పక్కలకి తోసేస్తుంది. ప్రెజర్ 20 పీఎస్‌ఐకి దించు. ట్రిగ్గర్ వెంట్రుకవాసి లాగు చాలు. రంగుని పల్చన చేసే థిన్నర్ ఎక్కువైనా ఇదే గోల. ఈక మధ్యలో ఆ ముదురు నీలం ఒకే దెబ్బకి రావాలనుకోకు. పల్చగా ఒక పొర, ఆరాక ఇంకొకటి.

కంపెనీ పెయింట్ గట్టిగా ఉంటే గీకేయక్కర్లేదు. ముందు సబ్బుతో కడుగు, పాలిష్ జిడ్డు పోవాలి. తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) మెరుపంతా చచ్చేదాకా తడిపి రుద్దు. మెరుపు మిగిలిన చోట రంగు పట్టదు, పెచ్చులా లేస్తుంది. ఎక్కడైనా ఇనుము బయటపడితే అక్కడ రంగు కింద వేసే ప్రైమర్ కొట్టాల్సిందే. రుద్దాక ఉత్త చేత్తో తాకకు. ట్యాంకు విప్పి, పెట్రోలు పూర్తిగా తీసేశాకే ఈ పనంతా.

తీరం గాలి:
మన సముద్రపు గాలికి కంప్రెసర్‌లో నీళ్లు చేరతాయి. గాలిలో తడిని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే డిజైన్ మధ్యలో ఠప్పున చుక్క పడుతుంది. కంప్రెసర్ ట్యాంకుకి నీళ్లు వదిలే డ్రెయిన్ కూడా రోజూ తిప్పండి.

కాకినాడ రైడర్:
థాంక్స్ అన్నా. డిజైన్ పైన రక్షణకి వేసే పారదర్శక పొర, అదే క్లియర్, అది కూడా ఈ 0.3తోనే కొట్టేయనా?

ఆటోనగర్ పెయింటర్:
వద్దు. మచ్చలు మచ్చలుగా వస్తుంది. 1.3 ఎంఎం నాజిల్ స్ప్రే గన్, దుమ్ము పడకుండా పెయింట్ కొట్టే బూత్ ఉన్న షాపుకి ఇచ్చెయ్. గట్టిపడేలా చేసే హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) క్లియరే అడుగు. అది లేకపోతే బంకులో చిందిన పెట్రోలుకే నీ నెమలి చెరిగిపోతుంది. ఆ హార్డెనర్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంట్లో కొట్టొద్దనేది అందుకే. మొదటి కోటు మాత్రం పల్చగా వెయ్యమని షాపులో గట్టిగా చెప్పు. తడిగా పోసేస్తే కింది రంగు కరిగి గీతలన్నీ అలుక్కుపోతాయి.