పట్టదకల్లు విరూపాక్ష, మల్లికార్జున ఆలయాలు: జంట అనడానికి ఆధారమేమిటి?

ప్రశ్న:
కర్ణాటకలోని పట్టదకల్లులో, మలప్రభ ఒడ్డున పక్కపక్కనే ఉన్న విరూపాక్ష, మల్లికార్జున ఆలయాలను అక్కాచెల్లెళ్లయిన ఇద్దరు రాణులు కట్టించారని అంటారు. ఇది స్థలపురాణమా, లేక శాసనాధారం ఉందా? చూడగానే ఒకే అచ్చులో పోసినట్లున్న ఈ రెండింటికీ నిర్మాణంలో తేడాలు ఉన్నాయా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
ఇది కట్టుకథ కాదండీ. బాదామి చాళుక్య రాజు రెండవ విక్రమాదిత్యుడు పల్లవుల కంచిని గెలిచినందుకు గుర్తుగా ఆయన పట్టపురాణి లోకమహాదేవి 8వ శతాబ్దంలో లోకేశ్వరాలయాన్ని కట్టించింది. నేటి విరూపాక్షం అదే. ఆమె చెల్లెలు, అదే రాజును పెళ్లాడిన త్రైలోక్యమహాదేవి కట్టించిన త్రైలోక్యేశ్వరమే మల్లికార్జునం. ఇద్దరూ హైహయ వంశపు ఆడపడుచులు. వారి కుమారుల తరంలో, రెండవ కీర్తివర్మ కాలంలో, 754లో నిలిపిన స్తంభం మీది సంస్కృత శాసనం ఈ రెండు ఆలయాలనూ, వాటిని కట్టించిన రాణులనూ పేర్కొంటుంది. అదే శాసనాన్ని ఉత్తరాది లిపిలోనూ, కన్నడ లిపిలోనూ చెక్కించడం విశేషం.

నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది విరూపాక్షాలయ శాసనాల్లో శిల్పుల పేర్లు కనిపించడం. అనివారితాచారి బిరుదు పొందిన గుండ, దక్షిణ దేశపు సూత్రధారిగా (ముఖ్య శిల్పిగా) పేర్కొన్న సర్వసిద్ధి ఆచారి అక్కడ స్పష్టంగా కనిపిస్తారు. గాయకులకు విజయాదిత్యుడు కల్పించిన హక్కులను లోకమహాదేవి స్థిరపరచిందని చెప్పే శాసనం కూడా అక్కడే ఉంది.

రెండవ సమాధానం:
నిర్మాణం విషయానికి వస్తే, రెండూ తూర్పుముఖంగా ఉన్న ద్రావిడ విమానాలు, అంటే గర్భగుడి మీద అంతస్తులుగా లేచే దక్షిణాది రీతి కట్టడాలు. లోపల ప్రదక్షిణ మార్గంతో గర్భగుడి, దాని ముందు స్తంభాల మండపం, మూడు దిక్కులా ముఖమండపాలు, విమానం నుంచి ముందుకు పొడుచుకువచ్చిన భాగమైన శుకనాస, ఎదురుగా నంది మండపం రెండింటికీ ఉన్నాయి. అయితే విమానం కొన చూడండి: విరూపాక్షానికి చతురస్ర శిఖరం, మల్లికార్జునానికి గుండ్రని శిఖరం. మల్లికార్జునం కొంచెం చిన్నది, దాని ప్రాకారం చాలావరకు శిథిలమైంది. విరూపాక్షం తూర్పు ముఖమండపంలో నిలబడి తలెత్తితే కప్పులో రథారూఢుడైన సూర్యుడు కనిపిస్తాడు. లోపలి స్తంభాలపై రామాయణ, భారత కథలు వరుసగా సాగుతాయి. మల్లికార్జునం స్తంభాలపై కృష్ణలీలలు ప్రధానంగా నిలుస్తాయి. కాబట్టి రెండవది మొదటిదానికి నకలు అనడం సరికాదని నా అభిప్రాయం. ఒకే పథకాన్ని శిల్పులు రెండు విధాలుగా పలికించారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు కూడా బాదామి చాళుక్యులవే కదా, మరి వాటి శిఖరాలు ఇలా ఎందుకు లేవు?

మూడవ సమాధానం:
బాదామి చాళుక్యులు ద్రావిడ, నాగర రీతులు రెండింటినీ పోషించారు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆలంపురంలో ఎక్కువగా రేఖానాగర శిఖరాలే (వంపు తిరుగుతూ నిలువుగా లేచే ఉత్తరాది రీతివి) కనిపిస్తాయి. పట్టదకల్లులోనే ఉన్న పాపనాథాలయం వాటికి దగ్గరి చుట్టం. ఈ జంట ఆలయాల్లో ద్రావిడ రీతి ఇంత నిండుగా ఉండటానికి కంచితో ఏర్పడిన పరిచయం ముఖ్య కారణమని పండితులు భావిస్తారు. విక్రమాదిత్యుడు కంచి కైలాసనాథాలయ సంపదను చూసి, దాన్ని కొల్లగొట్టక దేవుడికే తిరిగి ఇచ్చినట్లు ఆ గుడి స్తంభం మీదే కన్నడ శాసనం ఉంది. విరూపాక్షాన్ని ఆ కైలాసనాథంతో పోల్చి చూస్తే ఈ సంబంధం తెలుస్తుంది. ఆలంపురంలో మొదలుపెట్టి పట్టదకల్లు మీదుగా కంచికి వెళ్లే వరుసలో వీటిని చూడమని నా సూచన.